సామాన్యుల కార్లు, వాని నమూనాల నిర్మాణము

(మన సంఘ గ్రంథాలయ మందిరమున జరిగిన నెలసరి సమావేశములో చేసిన ఉపన్యాసపు పాఠము)



ఈ మాసమున మాటలాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేను వస్తు సేవల పన్నును గూర్చియో, దుకాణపు లెక్కలను గూర్చియో చెప్పుదునని వారు తలచియుందురు. నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ఇరువది సంవత్సరములకు పైగా ఈ చెన్నపట్టణమున రంగులు, వార్నీషులు, ఇనుప సామాను అమ్ముకొనుచున్న వాడను. పన్నులను గూర్చి చెప్పుటకు ఆడిటరుగారున్నారు. కావున నేను రాత్రి దుకాణము కట్టివేసిన పిమ్మట చేయు పనిని గూర్చి చెప్పుదును. ఈ బల్లమీద మూడు చిన్న కార్లు ఉన్నవి. ఒకటి ఇంగ్లండువారి మినీ, రెండవది ఇటలీవారి ఫియట్ 500, మూడవది హెరాల్డు. మూడును నేను కూర్చినవే. పిల్లలు సభానంతరము దగ్గరకు వచ్చి చూడవచ్చును. చేతితో తీయవలదు, మినీకి ప్రక్క అద్దము ఇదివరకే రెండు సార్లు ఊడినది.

ఇవి బొమ్మల అంగడిలో తయారుగా దొరకు కార్లు కావు. పెట్టె తెరచిన యెడల లోపల కారు ఉండదు. ప్లాస్టిక్ చట్రములకు అంటుకొని యున్న నూరో నూటయేబదియో తునకలు, నాలుగు రబ్బరు చక్రములు, ఒక చిత్రపటముల కాగితము మాత్రముండును. వానిని కత్తిరించి, అరగదీసి, రంగు పూసి, వరుసగా అంటించుకొనుచు పోయినచో పది పదునైదు రాత్రులకు కారు రూపు వచ్చును. దీనినే కిట్టు అందురు.

ఈ విద్యకు ఇంగ్లండున పేరెన్నికగన్న సంస్థ ఎయిర్‌ఫిక్స్. దానిని హంగేరీ దేశస్థుడైన నికొలస్ కోవ్ అనునతడు 1939లో లండనులో స్థాపించెను. మొదట గాలి నింపు రబ్బరు బొమ్మలు, పిదప తల దువ్వెనలు చేసిరి. 1949లో ఫెర్గుసన్ ట్రాక్టరు కంపెనీవారు తమ అమ్మకపుదారుల చేతికిచ్చుటకై ఒక చిన్న ట్రాక్టరు నమూనా కావలెననగా చేసి యిచ్చిరి. కూర్చుటకు కూలి ఎక్కువగుటచే తరువాత దానిని తునకలుగానే అమ్మిరి. కూలి మిగుల్చుకొనుటకు పుట్టిన వస్తువు లోకమున వినోదమైనది! 1952లో గోల్డెన్ హైండ్ అను ఓడ నమూనాను ఊల్‌వర్త్ దుకాణములలో రెండు షిల్లింగులకు అమ్మవలసి వచ్చినప్పుడు, అట్టపెట్టె ఖర్చును కూడ తగ్గించి ప్లాస్టిక్ సంచిలో పెట్టి పైన కాగితము కుట్టి యిచ్చిరి. చిల్లర వ్యాపారులమగు మనకు ఈ లెక్క కొత్తది కాదు. ఆ సంస్థ 1981లో దివాలా తీసినది; అచ్చులు చేతులు మారినవి; 2006 నుండి హార్న్‌బీ వారి అధీనమున ఉన్నది. ఉక్కుతో చేసిన అచ్చు మనిషి కంటె దీర్ఘాయువు గలది గనుక, 1960లలో చేసిన కారు అచ్చులు కొన్ని కొత్త పెట్టెలలో మరల మరల వెలువడినవి.

కొలతల సంగతి ఒక్కమాటలో చెప్పెదను. 1/24 అనగా అసలు కారులోని ఇరువదినాలుగు అంగుళములు నమూనాలో ఒక అంగుళమగును. మినీ అసలు పొడవు పది అడుగులు, అనగా 120 అంగుళములు. కావున ఇక్కడున్నది సరిగా అయిదంగుళములు. ఎయిర్‌ఫిక్స్ వారి చిన్న కార్లు 1/32. హెరాల్డు అసలు పొడవు 153 అంగుళములు గనుక ముప్పది రెండింట భాగింపగా, నాలుగుముప్పాతిక అంగుళములకు రవ్వంత ఎక్కువ. నమూనా కొనగనే నేను మొట్టమొదట స్కేలు పెట్టి కొలుతును. కొలత తప్పిన నమూనాకు ఎంత రంగు పూసినను ప్రయోజనము లేదు.

ఇక అసలు విషయము. కిట్టులు చేయువారు లోకమున లక్షలమంది గలరు. వారిలో ఎక్కువ మంది పందెపు కార్లను, ధనికుల కార్లను ఎన్నుకొందురు. అచ్చు చేయుటకు పెట్టుబడి పెద్దది గనుక, ఎక్కువ అమ్ముడుపోవు వానినే కంపెనీలు చేయును, ఇది వ్యాపారధర్మము. అయినను సామాన్యుల కార్లనే ఏరి కూర్చువారు అన్ని దేశములలోను ఉన్నారు. నేను వారిలోని వాడను. కారణమడిగినచో వర్తకుని కారణమే చెప్పుదును. గొప్ప కారులో ఖర్చు దాగి యుండును. పేదవాని కారులో ప్రతి మేకు, ప్రతి మడత ఒక లెక్క. కూర్చువాని వ్రేళ్లకు ఆ లెక్క తెలియును.

మినీనే చూడుడు. 1956లో సూయెజ్ సంక్షోభము వచ్చి ఇంగ్లండులో పెట్రోలుకు రేషను పెట్టిరి. తక్కువ పెట్రోలుతో నలుగురిని మోయు చిన్న కారు కావలెనని కంపెనీ పెద్దలు అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరును కోరిరి. 1959లో కారు వీధిలోనికి వచ్చినది. 848 సి.సి. ఇంజనును అడ్డముగా పెట్టి, గేరుపెట్టెను దాని క్రిందనే అమర్చి, పది అంగుళముల చక్రములు వేసి, ఉన్న పది అడుగులలో ఎక్కువ భాగము మనుష్యులకే మిగిల్చెను. తొలి మినీలలో తలుపు తెరచుటకు లోపల పిడి లేదు, ఒక త్రాడు కలదు, లాగవలెను. కిటికీ అద్దము దిగదు, ప్రక్కకు జరుగును. అద్దము దింపు యంత్రము లేనందున తలుపులో ఖాళీ మిగిలి పెద్ద సంచివంటి అర ఏర్పడినది. రేకుల అతుకులు లోపల దాచుటకు కూడ ఖర్చు చేయలేదు. బయటనే వెన్నుపూసవలె కనబడును. కొత్తగా కిట్టు చేయువారు ఈ అతుకును చూచి, అచ్చు వదలిన గీత యనుకొని ఉప్పుకాగితముతో రుద్దివేయుదురు. అది పోయినచో మినీ పోయినట్లే! ఏది అచ్చు గీత, ఏది కారు గీత యని తెలియుటకే ముందుగా ఫోటోలు చూడవలెను.

ఫ్రాన్సువారి సిట్రోయెన్ 2సీవీ కథ ఇంకను రుచిగానుండును. కంపెనీ అధిపతి పియెర్ బులాంజె 1930లలో తన ఇంజనీర్లకు చెప్పిన మాట ప్రసిద్ధము: ఇద్దరు రైతులు, యేబది కిలోల ఉర్లగడ్డలు ఎక్కవలెను, దున్నిన చేనిలో తోలినను బుట్టలోని గ్రుడ్డు పగులరాదు. యుద్ధము అడ్డువచ్చి 1948లో గాని పారిసు ప్రదర్శనలో పెట్టలేకపోయిరి. మొదటి కార్లకు 375 సి.సి. ఇంజను, తొమ్మిది గుఱ్ఱముల బలము. ముందు మూతకు 1960 వరకు అలలు అలలుగా మడతలుండెను. అది అలంకారము కాదు. పలుచని రేకు నిలువవలెనన్న మడతలు పెట్టవలెను. మన ఇండ్ల కప్పులకు వేయు గాల్వనైజు రేకు నిలుచుట ఎట్లో ఇదియు నట్లే. చూచినవారు నవ్విరి, కొన్నవారు నవ్వలేదు. 1990 వరకు ఆ కారు తయారైనది.

ఫియట్ 500ను దాంతే జాకోసా రూపొందింపగా 1957 జూలైలో విడుదల చేసిరి. పొడవు మూడు మీటర్లకు మూడు సెంటీమీటర్లు తక్కువ. వెనుక రెండు సిలిండర్ల ఇంజను, గాలితోనే చల్లబడును. పైకప్పు గుడ్డది, మడిచి పెట్టుకొనవచ్చును. ఇనుము కొంత మిగిలినది. మొదట తలుపులు వెనుక కీలుతో తెరచుకొనెడివి. 1965లో వచ్చిన ఎఫ్ రకమునకు ముందు కీలు పెట్టిరి. జపానులోని షిజుఓకా పట్టణమునకు చెందిన తమియా కంపెనీ కిట్టు ఈ ఎఫ్ రకమునదే. తమియా మొదట కలప వ్యాపారము చేసినది. కొయ్య నమూనాలు చేసి, 1960లో ప్లాస్టిక్‌కు వచ్చినది. ఆ ప్రాంతముననే గల హసెగావా వారు తమ దేశపు సుబారు 360కి కిట్టు చేసిరి. 1958 నాటి ఆ కారు ఇంజను 356 సి.సి. మాత్రమే. జర్మనీవారి ట్రాబంట్ కిట్టును చేయునప్పుడు నాకు నవ్వు వచ్చును. తూర్పు జర్మనీలో ఉక్కు కరవై, ప్రత్తి వ్యర్థమును రెజినుతో కలిపి అచ్చు వేసి ఆ కారు ఒంటిని చేసిరి. ప్లాస్టిక్ కారునకు ప్లాస్టిక్ నమూనా! అయినను 1957 నుండి 1991 వరకు దానినే నమ్ముకొని కుటుంబములు బ్రదికినవి. సంవత్సరముల తరబడి కాచుకొని కొన్నవారు దానిని ఎట్లు చూచుకొనిరో మనము ఊహింపవచ్చును.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన భాగము. రంగును గూర్చి కొంత విస్తరించినను క్షమింపుడు.

అచ్చునుండి వచ్చిన తునకలకు నూనెజిడ్డు ఉండవచ్చును గనుక ముందుగా గోరువెచ్చని సబ్బునీట కడిగి ఆరవేయవలెను. చట్రమునుండి తునకలను చేతితో విరువరాదు. చిన్న కటింగు ప్లేయరుతో కొంచెము ఎడముగా కత్తిరించి, మిగిలిన మొటికను కత్తితో చెక్కి రుద్దవలెను. ఈ ప్లాస్టిక్ పేరు పాలిస్టైరీన్. దీనికి వాడు సిమెంటు నిజమునకు జిగురు కాదు. రెండంచులను కరగించి ఒకటిగా చేయును. కావున చుక్క చాలును. అద్దపు తునకలకు ఆ సిమెంటు తగిలినచో మచ్చ పడును. త్వరగా పట్టు సూపర్ గ్లూ ఆవిరికి అద్దము పొగచూరినట్లగును. అద్దములకు కొయ్యపని వారు వాడు తెల్ల జిగురు మంచిది. ఆరిన పిదప కనబడదు.

రంగు పలుచగా పడవలెను. గోడకు పూసినట్లు పూసిన యెడల చెడును. పొర మందము మిల్లీమీటరులో పదవవంతు ఉన్నదనుకొనుడు. 1/24 లెక్కన అది అసలు కారు మీద దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల మందమున్నట్లు! తలుపుల గీతలు పూడిపోవును. కావున ప్రైమరు పలుచగా ఒకటి, రంగు పలుచగా మూడు నాలుగు పొరలు. నడుమ వేయి నంబరు ఉప్పుకాగితమును నీట తడిపి మెల్లగా రుద్దుట. లాకరు మీద ఎనామెల్ వేయవచ్చును. ఎనామెల్ మీద లాకరు వేసినచో క్రింది పొర ముడుతలు పడి లేచును. నా దుకాణమునకు వచ్చు ఇంటి పెయింటరులకు చెప్పునదియు ఇదే. మన సముద్రతీరపు ఊళ్లలో ఆశ్వయుజ కార్తిక మాసముల వానలలో లాకరు చిమ్మరాదు. గాలిలోని తేమ పట్టి పాలవలె తెల్లబారును. పిల్లలు కిటికీలు మూసిన గదిలో థిన్నరు సీసా తెరువరాదు. తల్లిదండ్రులు దగ్గర నుండవలెను, ముఖమునకు ముసుగుండవలెను. దీనిని నేను అమ్మువాడనైనను చెప్పుచున్నాను.

మెరుపు విషయమున చాలమంది పొరబడుదురు. పందెపు కారు అద్దమువలె మెరయవచ్చును గాని, ఎండలో వానలో వీధిలో నిలిచిన గుమాస్తాగారి కారు అట్లు మెరయదు. దానికి సగము మెరుపు చాలును. కొందరు తుప్పు, గీతలు, బురద కూడ వేయుదురు. అది చాల చక్కగా చేయువారున్నారు గాని నాకంతగా నచ్చదు. సామాన్యుడు తన కారును ఆదివారము నాడు కడిగి తుడిచి పెట్టుకొనెడివాడు. పేదవాని వస్తువనగనే మాసియుండవలెనా?

హెరాల్డు దగ్గరకు వచ్చెదను. ఈ బల్ల మీది మూడింటిలో మన ఊరికి చుట్టమైనది ఇదొక్కటే.

ఇంగ్లండులో స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీ 1959లో హెరాల్డును విడుదల చేసినది. రూపము గీచినవాడు ఇటలీవాడైన జొవాన్ని మికెలోత్తి. ఆ కంపెనీకి కారు ఒళ్లు చేసి యిచ్చుచుండిన కార్ఖానాను పోటీ కంపెనీవారు 1953లో కొనివేసిరి. ఒక్కచోట మొత్తము ఒళ్లు చేయించుకొను వీలు లేక, విడిగా ఒక చట్రము పెట్టి, దానిమీద తునకలు తునకలుగా చేసిన రేకులను బోల్టులతో బిగించు ఉపాయము చేసిరి. ముందు మూతయు రెండు మడ్‌గార్డులును ఒక్కటిగా ముందునకు లేచును. కారు ఇరువది అయిదు అడుగులలో తిరుగును. ఇట్లు విప్పి కట్టదగిన కారగుటచే పెట్టెలలో పంపి వేరొక దేశమున కూర్చుటకు మిక్కిలి అనువైనది. 1961 నుండి ఇదే చెన్నపట్టణమున స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు దానిని స్టాండర్డ్ హెరాల్డు అను పేర తయారుచేసిరి. అనగా అసలు కారే మనకు కిట్టుగా వచ్చినదన్నమాట! అటుపిమ్మట ఇక్కడివారు దానిని ఇక్కడి అవసరమునకు మలచుకొనిరి. ఇంగ్లండులో హెరాల్డుకు రెండే తలుపులు. అత్తగారు, కోడలు, నలుగురు పిల్లలు ముందు సీటు వంచి వెనుకకు దూరుట మన కుటుంబములకు కుదరదు. 1968లో వచ్చిన మార్క్ 3కి నాలుగు తలుపులు పెట్టిరి. అది ఈ దేశమున మాత్రమే తయారైన రూపము. 1972లో గజెల్ వచ్చినది. దానికి వెనుక ఇరుసు కూడ మారినది.

ఎయిర్‌ఫిక్స్ పెట్టెలో వచ్చునది ఇంగ్లండు హెరాల్డు, రెండు తలుపులది. మా మేనమామగారిది నాలుగు తలుపులది. ఆ కారులో నేను చిన్నతనమున వెనుక సీటున నిలుచుండి ప్రయాణము చేసిన వాడను. 1990ల చివర విడిభాగములు దొరకక, దానిని పాత ఇనుము క్రింద తూకము వేసి అమ్మివేసిరి. నేడు దానికి మిగిలినది ఒక పెండ్లి ఫోటో. అందులో వధూవరుల వెనుక కారు ముందుభాగము, ఒక తలుపు కనబడును. ఫోటో నలుపు తెలుపు. రంగు లేత ఆకుపచ్చయని మా అత్తయ్య, బూడిద నీలమని మా అమ్మ. ఇద్దరును పట్టు విడువరు. మామయ్య లేరు.

ఆ కారును నేను కూర్చవలెనని రెండేండ్లుగా ప్రయత్నించుచున్నాను. పెట్టెలోని పెద్ద తలుపు గీతను లప్పముతో పూడ్చి, కొత్త గీతలు సూదితో గీచి, నడిమి స్తంభమును ప్లాస్టిక్ పట్టీతో చేసి, వెనుక కిటికీలను కొత్తగా కోయవలెను. చేతిపని కష్టము కాదు. కొలతలే కష్టము. స్తంభము ఏ అంగుళమున నిలిచినది? వెనుక తలుపు అంచు చక్రపు వంపును ఎక్కడ తాకినది? మినీకి, ఫియట్‌కు, వోక్స్‌వ్యాగనుకు ఇట్టి ప్రశ్నలకు జవాబు చెప్పు పుస్తకములు దొంతరలుగా ఉన్నవి. వోక్స్‌వ్యాగను బీటిల్ వెనుక అద్దము 1953లో రెండు ముక్కలనుండి ఒక్కటిగా మారినదని జర్మనీలో పిల్లవాడు కూడ చెప్పును. మన హెరాల్డుకు జవాబు చెప్పవలసినవి ఇండ్ల వెనుక షెడ్లలో మిగిలిన కొద్ది బండ్లు, వానిని తోలిన, బాగుచేసిన పెద్దలు. ఆ పెద్దల వయస్సు ఇప్పుడు ఎంతయో మీకు తెలియును. బొంబాయి మన సోదరులు 2023 అక్టోబరులో చివరి ప్రీమియర్ పద్మిని టాక్సీలు వీధినుండి తొలగిపోవుట చూచిరి. వేల సంఖ్యలో ఉన్నంతవరకు వానిని ఎవరు కొలిచి పెట్టిరి?

కావున ఈ సభలో నా విన్నపము. ఎవరి ఇంటనైనను, ఎవరి ఎరుకలోనైనను నాలుగు తలుపుల హెరాల్డు గాని, గజెల్ గాని ఉన్న యెడల నాకు తెలియజేయుడు. కదలకపోయినను సరే, కోళ్లు కాపురమున్నను సరే. ఇనుప టేపు, నోటుపుస్తకము తీసికొని నేనే వచ్చెదను. యువకులు ఇద్దరు తోడు వచ్చిన మేలు. ఫోటో తీయునప్పుడు దగ్గరనుండి తీయవలదు. ముందుభాగము ఉబ్బినట్లు పడి కొలత చెడును. ఇరువది ముప్పది అడుగుల దూరము పోయి, కెమెరాను తలుపు పిడి ఎత్తున పట్టి, కారు ప్రక్కన అడుగులు గుర్తు పెట్టిన కఱ్ఱ నిలువబెట్టి తీయవలెను. అసలు రంగు తెలియవలెనన్న పై రేకును చూడవలదు, అది ఎన్నిసార్లు మారినదో! తలుపు చుట్టునున్న రబ్బరు క్రింద, డాష్‌బోర్డు వెనుక, స్పేరు చక్రపు గుంటలో కార్ఖానా రంగు ఇంకను ఉండును. గోరంత పెచ్చు దొరకినను నేను దుకాణమున ఆ రంగు కలిపి చూపెదను. మా అత్తయ్యయు అమ్మయు ఎవరి మాట నిజమో అప్పుడు తేలును.

పాత పెండ్లి ఫోటోలు, యాత్రల ఫోటోలు గలవారు వెదకి చూడుడు. మనుష్యుల వెనుక ఏ కారైనను నిలిచియున్న యెడల తీసికొని రండు. వెనుక పెన్సిలుతో ఊరు, ఏడు, కారు ఎవరిది, రంగు ఏదని వ్రాయుడు. సిరాతో వ్రాయవలదు, ముందువైపునకు దిగును. గ్రంథాలయములోనే నకలు తీసి అసలును వెంటనే మీ చేతికిచ్చెదము. వచ్చే రెండు ఆదివారములును ఉదయము పది గంటలనుండి నేను ఇక్కడనే కూర్చుండెదను. ఒక ఫియట్ కిట్టును కూడ తెచ్చి తెరచెదను. పదేండ్లు దాటిన పిల్లలు కత్తిరించుట, రుద్దుట నేర్చుకొనవచ్చును. రంగు వేయుట మాత్రము మేడమీద, గాలిలో.